వేగం కార్ల టైర్లు: కొన్ని గాలి మాటలు

పోయిన వేసవిలో బెజవాడ ఆటోనగర్‌లో నా కారుకు టైర్లు మార్పిస్తున్నాను. పక్కనే ఒక టర్బో ఇంజిన్ సెడాన్ వచ్చి ఆగింది. అందులోంచి దిగిన కుర్రాడు, "అన్నా, పదహారు రిమ్ములు తీసేసి పద్దెనిమిది వేయండి. టైరు వెడల్పుగా ఉండాలి. గాలి మాత్రం ఇరవై ఎనిమిది దాటించకండి, అసలే ఎండలు మండిపోతున్నాయి" అన్నాడు. షాపాయన సరేనన్నట్టు తలూపాడు. నేనూ నోరు మెదపలేదు. నా కారు అప్పటికి జాకీ మీద ఉంది మరి.

టైర్ల మీద తిరిగే మాటలు చాలావరకు పూర్తి అబద్ధాలు కావు. అంబాసిడర్‌కు ట్యూబు టైర్లున్న కాలంలోనో, రేసు ట్రాక్ మీదో, మంచు కురిసే దేశంలోనో వాటిలో ఎంతో కొంత నిజం ఉండేది. అక్కణ్నుంచి ఊడబెరికి తెచ్చి 150 హార్స్‌పవర్ కారుకు తగిలించినప్పుడే చిక్కు.

"ఎండాకాలం గాలి తగ్గించి కొట్టించాలి"

అన్నిటికంటే ఎక్కువమంది నమ్మేదీ, అన్నిటికంటే ప్రమాదమైనదీ ఇదే. వేడికి గాలి వ్యాకోచిస్తుంది, ప్రెషర్ పెరుగుతుంది, టైరు పేలుతుంది అన్నది వాదన. మొదటి రెండూ నిజం. లెక్క వేసి చూద్దాం. పొద్దున 28 డిగ్రీల చల్లదనంలో 32 పీఎస్ఐ కొట్టించారు. గంటసేపు హైవే మీద నడిచాక టైరు లోపలి గాలి 60 డిగ్రీలకు చేరిందనుకుంటే ప్రెషర్ 37 దగ్గరికి వస్తుంది. కారు తయారుచేసినవాళ్లకు ఈ సంగతి తెలియక కాదు. స్టిక్కర్ మీద వాళ్లు రాసే అంకె చల్లటి టైరుకు. వేడెక్కాక పెరిగే ఆ నాలుగైదు పీఎస్ఐ ముందే లెక్కలో ఉంది.

మరి టైరు ఎందుకు పేలుతుంది? గాలి తక్కువైతే పక్క గోడ నేలను తాకిన ప్రతిసారీ ఎక్కువగా వంగుతుంది. ఇనుప తీగను అటూ ఇటూ గబగబా వంచి, వంచిన చోట వేలు పెట్టి చూడండి, చురుక్కుమంటుంది. 100 కిలోమీటర్ల వేగంలో మామూలు సెడాన్ టైరు నిమిషానికి దాదాపు 840 సార్లు తిరుగుతుంది. అన్నిసార్లూ ఆ వంపే. ఆ వేడికి లోపలి పోగుల పొరలకూ రబ్బరుకూ పట్టు విడిపోతుంది. ఐదుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను, మే నెలలో తిరుపతి ప్రయాణం, దానికి తోడు టైర్లలో 28 పీఎస్ఐ! పేలుతుందేమోనన్న భయంతో చేసిన పనే పేలడానికి దారి తీస్తుంది.

మధ్యలో ఆగి వేడి టైరులోంచి గాలి తీయించడం కూడా ఇలాంటిదే. 37 చూపించిందని ఐదు తీయిస్తే మర్నాడు పొద్దున్నకు 27 మిగులుతుంది. డ్రైవర్ తలుపు తీసినచోట స్తంభానికో, పెట్రోలు మూత లోపలో స్టిక్కర్ ఉంటుంది. దానిలో ఇద్దరు కూర్చుంటే ఎంత, నిండుగా ఎక్కితే ఎంత అని విడివిడిగా రాసి ఉంటుంది. నిండు బరువుకు ఎక్కువే కొట్టించమంటుంది, తక్కువ కాదు. టైరు గోడ మీద కనిపించే గరిష్ఠ ప్రెషర్ అంకె మాత్రం టైరు తట్టుకునే హద్దు. అది మీ కారుకు చెప్పిన కొలత కాదు.

"నైట్రోజన్ కొట్టిస్తే ఆ గొడవే ఉండదు కదా" అంటారు. మనం పీల్చే గాలిలోనే 78 శాతం నైట్రోజన్. వేడికి అదీ దాదాపు అంతే పెరుగుతుంది. తేమ ఉండదు, కాస్త నిదానంగా కారుతుంది. విమానాలకూ రేసు కార్లకూ అది పనికొచ్చే విషయమే. ఉచితంగా ఇస్తే కొట్టించుకోండి. నైట్రోజన్ టైరులో మామూలు గాలి కలపకూడదని తక్కువ ప్రెషర్‌తోనే ఊరు చేరేవాళ్లు మాత్రం దయచేసి ఆ పట్టు వదలండి.

"పెద్ద రిమ్ము, వెడల్పు టైరు... పట్టే పట్టు"

ఇందులో సగం నిజం ఉంది. ఒక చక్రం మీద 400 కిలోల బరువు, లోపల 32 పీఎస్ఐ ఉంటే నేలను తాకే రబ్బరు దాదాపు 180 చదరపు సెంటీమీటర్లు. అంటే అరచేతికి కాస్త ఎక్కువ. టైరు వెడల్పు చేసినంత మాత్రాన ఈ వైశాల్యం పెద్దగా పెరగదు. మారేది దాని ఆకారం. నిలువు తగ్గి అడ్డం పెరుగుతుంది. పొడి రోడ్డు మీద మలుపు తిరిగేటప్పుడు అది మేలే చేస్తుంది. వానలో కథ తిరగబడుతుంది. వెడల్పు టైరు ఎక్కువ నీటిని నెట్టాలి. నెట్టలేకపోతే నీటి మీద తేలుతుంది. స్టీరింగ్ ఒక్కసారిగా బరువు లేనట్టు తేలిపోతుందే, అదే ఆ క్షణం.

సైజుల లెక్క కూడా చూడండి. స్లావియా, వర్టుస్ లాంటి కార్లకు వచ్చే 205/55 ఆర్16 టైరులో 205 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు, 55 అంటే గోడ ఎత్తు ఆ వెడల్పులో ఎంత శాతమో అది, 16 రిమ్ము అంగుళాలు. గోడ ఎత్తు 113 మిల్లీమీటర్లు వస్తుంది. 225/45 ఆర్17కు 101, 225/40 ఆర్18కు 90. మొత్తం చక్రం ఎత్తు మాత్రం 632, 634, 637 మిల్లీమీటర్లు. అంటే మూడూ దాదాపు సమానం. అందుకే స్పీడోమీటరు పెద్దగా తప్పదు. అయితే మన గుంతకూ అల్లాయ్ రిమ్ముకూ మధ్య అడ్డంగా ఉన్న మెత్తటి గోడలో 23 మిల్లీమీటర్లు పోయాయి.

ఆ మిల్లీమీటర్ల విలువ ఒక వానాకాలం రాత్రి నాకు తెలిసొచ్చింది. నీళ్లు నిండిన గుంత కనపడలేదు. తెల్లారి చూస్తే టైరు గోడకు నిమ్మకాయంత బుడిపె. పంక్చర్ షాపులో, "ఏం కాదు సార్, నడిచినన్నాళ్లు నడపండి" అన్నారు. బుడిపె వచ్చిందంటే లోపలి పోగులు తెగినట్టే. అక్కడ గాలిని ఆపుతున్నది ఉత్త రబ్బరు. దానికి ప్యాచ్ లేదు, వైద్యం లేదు, మార్చడం ఒక్కటే దారి. నేను మార్చాను, రెండోసారి పదిహేడు రిమ్ములకు దిగాను. పద్దెనిమిది అందంగా ఉంటాయన్న మాట నేను కాదనను.

డబ్బు పరిమితమైతే నా సలహా ఒకటే. రిమ్ములు అలాగే ఉంచి, అదే సైజులో మంచి రబ్బరున్న టైరు కొనండి. పట్టు పుట్టేది ముందు రబ్బరు మిశ్రమంలో, తర్వాతే వెడల్పులో. వాన రోజున చౌక 225 కంటే మంచి 205 ముందే ఆగుతుంది.

"నేను 240లో పోతానా ఏంటి? తక్కువ రేటింగ్ చాలు"

సైజు చివర ఉండే అక్షరం వేగ పరిమితి చెబుతుంది. టి అంటే గంటకు 190 కిలోమీటర్లు, హెచ్ 210, వి 240, డబ్ల్యూ 270, వై 300. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద 2023లో పెంచాక కూడా పరిమితి 120. కాబట్టి టి చాలదా అని అడిగితే వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ ఆ అక్షరం వేగం గురించి మాత్రమే కాదు. టైరు వేడిని ఎంతసేపు ఓర్చుకుంటుందో, ఉక్కు బెల్టుల మీద నైలాన్ పొర ఎంత గట్టిగా పట్టి ఉంచుతుందో కూడా దానిలో ఇమిడి ఉంది. కారు స్టీరింగూ బ్రేకులూ ఆ బిగువు చూసుకునే సరిచేసినవి. తక్కువ అక్షరం వేస్తే మలుపులో కారు ఒక్క క్షణం ఆలస్యంగా మాట వింటుంది. అక్షరం పక్కన ఉండే అంకె కూడా చూడాలి. 91 అంటే ఒక్క టైరు 615 కిలోలు మోస్తుందని. కంపెనీ ఇచ్చినదానికి ఆ రెండూ తగ్గకూడదు.

ఈ రాజీ ఎక్కువగా సోమరితనంతో జరగదు, సరుకు దొరక్క జరుగుతుంది. 2020 జూన్‌లో కేంద్రం టైర్ల దిగుమతికి లైసెన్సు తప్పనిసరి చేసింది. అప్పట్నుంచి కొన్ని స్పోర్ట్స్ సైజులకు వెతుకులాట తప్పడం లేదు. షాపులో "దానికి దగ్గర సైజు ఉంది సార్" అనే మాట వినిపిస్తుంది. దొడ్డిదారిన వచ్చిన సరుకు మీద ఐఎస్ఐ గుర్తు ఉండదు. మన దగ్గర అమ్మే కార్ల టైరుకు అది ఉండి తీరాలి.

అసలు విదేశీ టైరంటేనే మేలన్న నమ్మకం ఒకటి ఉంది. కానీ మన అపోలో 2009లోనే నెదర్లాండ్స్‌కు చెందిన వ్రెడెస్టైన్ టైర్ల కంపెనీని కొన్నది. అదే అపోలో అప్పట్లో చిత్తూరు జిల్లాలో ఉన్న చినపాండూరులో 2020 నుంచి టైర్లు తయారుచేస్తోంది. ఏ దేశం, ఏ పేరు అన్నది కాదు, ఏ మోడలన్నది చూడాలి. ఒకే కంపెనీ మైలేజీ కోసం ఒక టైరు, పట్టు కోసం ఇంకో టైరు చేస్తుంది. రెండింటి మీదా పేరు ఒకటే.

జర్మన్ కార్లవాళ్లకు ఇంకొక చిన్న గుర్తు కనపడుతుంది. పోర్షేకు ఎన్, బీఎండబ్ల్యూకు నక్షత్రం, మెర్సిడెస్‌కు ఎంఓ, ఆడికి ఏఓ. అది అలంకారం కాదు. ఆ కారు కోసం లోపల కొంత మార్చి చేసిన టైరని అర్థం. గుర్తు లేనిది వేస్తే మహాపాపం ఏమీ కాదు. రెండు గుర్తున్నవి, రెండు లేనివి కలిపి వేయడమే తప్పు.

"కొత్తవి రెండే కొన్నా. ముందు చక్రాలకే వేయండి"

ఇంజిన్ ముందుంది, లాగేది ముందు, అరిగేదీ ముందే. అందుకని షాపులో అడగకుండానే కొత్తవి ముందుకు బిగిస్తారు. టైరు కంపెనీలు మాత్రం వెనక్కే వేయమంటాయి, కారును ఏ చక్రాలు లాగినా సరే. వాన రోడ్డు మీద ముందు చక్రాలు జారితే కారు తిన్నగా పోతుంది. మనిషి కంగారులో కాలు తీస్తాడు, వేగం తగ్గుతుంది, పట్టు మళ్లీ దొరుకుతుంది. వెనక చక్రాలు జారితే కారు గిర్రున తిరుగుతుంది. దాన్ని సరిచేయడానికి స్టీరింగ్ ఎదురు తిప్పాలి. అది రేసు డ్రైవరుకు అలవాటు, మనకు కాదు. అందుకే ఎక్కువ లోతున్నవి వెనక ఉండాలి. నాలుగు చక్రాలూ లాగే కారైతే ఇదీ చాలదు. ముందుకూ వెనక్కూ అరుగుదలలో తేడా ఎక్కువైతే లోపలి గేరు పెట్టె ఆ తేడాను అస్తమానం మోస్తూ వేడెక్కుతుంది. వాళ్లు నాలుగూ కలిపి కొనడం నయం.

"రేసు కార్లకు గాడులే ఉండవు, అరిగిన టైరే పట్టు ఎక్కువ"

పొడి ట్రాక్ మీద నిజమే. అయితే 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ రేసులో కార్లకు వేసినవి గాడులున్న హాంకూక్ టైర్లు. ఎండకీ వానకీ అవే. చట్టం 1.6 మిల్లీమీటర్ల లోతు దాకా ఒప్పుకుంటుంది. గాడి మధ్యలో చిన్న మెట్టులా ఉండే గుర్తు ఆ హద్దుకే. వేగంగా నడిపేవారు ఆ మెట్టు దాకా ఆగకండి. మూడు మిల్లీమీటర్ల దగ్గరే నీటిని నెట్టే సత్తా బాగా పడిపోతుంది.

గోడ మీద ట్రెడ్‌వేర్ అంకె చూసి, 400 అంటే 40 వేల కిలోమీటర్లు అని లెక్క చెప్పేవాళ్లున్నారు. అది అమెరికా పద్ధతి. టెక్సాస్‌లో 7,200 మైళ్లు నడిపి, ఒక కొలమానపు టైరుతో పోల్చి, కంపెనీలు తమకు తామే ఇచ్చుకునే మార్కు. ఒకే కంపెనీ టైర్ల మధ్య పోలికకు పనికొస్తుంది, కిలోమీటర్లకు కాదు. మెత్తటి స్పోర్ట్స్ టైరు 50 వేలు రావాలని కోరుకోవడం మామిడిపండు నెల రోజులు నిలవ ఉండాలని కోరుకున్నట్టే.

న్యూజెర్సీలో ఉండే మా బంధువులు ఆల్‌సీజన్ టైర్లు వేయించుకుంటే, ఇక్కడా అవే మేలా అని కొందరు అడుగుతున్నారు. ఏడు డిగ్రీల కిందకు దిగితే సమ్మర్ టైరు రబ్బరు బిగుసుకుపోతుంది. అక్కడ ఆ జాగ్రత్త అవసరం. లంబసింగిలో ఒక జనవరి తెల్లవారుజాము తప్ప మనకు ఆ బెడద లేదు.

"ట్రెడ్ నిండుగా ఉంది, ఇంకేం కావాలి?"

వేగం కార్లకు ఈ జబ్బు ఎక్కువ. ఆదివారం మాత్రమే బయటికి తీస్తారు కాబట్టి టైరు అరగదు, కానీ ముసలిదవుతుంది. ఎండ, ఓజోన్, వేడి కలిసి రబ్బరును గట్టిపరుస్తాయి. 2013లో హాలీవుడ్ నటుడు పాల్ వాకర్ చనిపోయిన పోర్షే కరేరా జీటీకి ఉన్న టైర్లు తొమ్మిదేళ్లవి. మితిమీరిన వేగమే కారణమని పోలీసులు తేల్చారు, టైర్ల వయసు కారు పట్టును దెబ్బతీసి ఉండొచ్చనీ రాశారు. చాలా కార్ల కంపెనీలు ఆరేళ్ల దగ్గర మార్చమంటాయి.

వయసు తెలుసుకోవడం తేలిక. గోడ మీద డాట్ అని ఉన్నచోట వరస చివర నాలుగంకెలు చూడండి. 3522 అంటే 2022లో 35వ వారం. ఈ నాలుగంకెలు ఒక్కోసారి ఒకవైపే ఉంటాయి. ఆ వైపు లోపలికి బిగిస్తే తర్వాత కారు కింద దూరి చూడాలి.

ఆరోజు ఆటోనగర్‌లో నేను ఫోన్ టార్చ్ వేసి నా కొత్త టైర్ల అంకెలు చదువుకుంటుంటే ఆ కుర్రాడు వచ్చి పక్కన నిలబడ్డాడు. "ఏం చూస్తున్నారు సార్?" చెప్పాను. తన పద్దెనిమిదంగుళాల టైర్ల దగ్గరికి వెళ్లి వంగి, వేలితో దుమ్ము తుడిచి చదివాడు. "ఇరవై రెండు... పంతొమ్మిది. అంటే?"

నేను జవాబు చెప్పేలోపే షాపాయన, "అవి పాత స్టాకు బాబూ, లోపల వేరేవి ఉన్నాయి" అంటూ గోడౌన్ వైపు నడిచాడు.