పాటకు అట్టబొమ్మ ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఇంట్లో సెల్‌ఫోనులోనో, కంప్యూటరులోనో పాటలు దాచుకునే అలవాటు మీలో చాలామందికి ఉండే ఉంటుంది. ఆ పాటల జాబితా ఒకసారి తెరిచి చూడండి. కొన్ని పాటల పక్కన చిన్న చదరపు బొమ్మ కనిపిస్తుంది. సినిమా పోస్టరో, గాయకుడి ఫోటోనో ఏదో ఒకటి. మరికొన్నిటి పక్కన ఏ బొమ్మా ఉండదు. బూడిదరంగు గడిలో ఒక సంగీత చిహ్నం మాత్రం ఒంటరిగా నిలబడి ఉంటుంది. రెండూ పాటలే. రెండూ చక్కగానే వినిపిస్తాయి. మరి ఒకదానికి బొమ్మ ఎందుకుంది, రెండో దానికి ఎందుకు లేదు? లేనిదానికి మనం తగిలించవచ్చునా?

తగిలించవచ్చు. అందుకోసమే తయారైన ప్రోగ్రాములున్నాయి, వాటిలో మంచివి కొన్ని ఉచితంగానే దొరుకుతాయి. అయితే ఏది మంచిదో ఎంచుకోవాలంటే ముందు అవి చేసే పనేమిటో తెలియాలి. బొమ్మ అతికించడం వాటికి చిటికెలో పని. తన ముందున్న పాట ఏ పాటో తెలుసుకోవడమే అసలు చిక్కు. చెవులు లేని కంప్యూటరు ఆ పని ఎలా చేస్తుందో, ఎక్కడ బోల్తా పడుతుందో చూద్దాం.

ముందు అట్ట సంగతి. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతకాలపు గ్రామఫోను రికార్డులో ఒక్కో వైపు సుమారు మూడు నిమిషాల పాట పట్టేది. అరగంట సంగీతం కావాలంటే అయిదారు రికార్డులు కావాలి. వాటిని ఫోటోల ఆల్బమ్ లాంటి అట్టల పుస్తకంలో పెట్టి అమ్మేవారు. పాటల సంపుటిని ‘ఆల్బమ్’ అనడం అలా వచ్చిందే. ఆ అట్టలు మొదట్లో సాదాగా ఉండేవి. అమెరికాలో కొలంబియా రికార్డుల కంపెనీలో పనిచేసిన అలెక్స్ స్టైన్‌వైస్ అనే చిత్రకారుడు 1940 ప్రాంతంలో వాటిమీద రంగురంగుల బొమ్మలు వేయడం మొదలుపెట్టాడు. 1948లో అదే కంపెనీ 12 అంగుళాల ఎల్‌పీ రికార్డు తెచ్చింది. అంటే బొమ్మకు అడుగు పొడవు, అడుగు వెడల్పు చోటు దొరికిందన్నమాట! తరవాత కేసెట్టు వచ్చింది, 1982లో 12 సెంటీమీటర్ల సీడీ వచ్చింది. అట్ట చిన్నదవుతూ వచ్చింది గానీ పోలేదు. ఎంపీ3 ఫైలు వచ్చాక మాత్రం అట్టే లేకుండా పోయింది. చేత్తో పట్టుకునే వస్తువే లేనప్పుడు అట్ట దేనికి వేస్తాం?

ఫైలు తలలో గదులు

ఎంపీ3 అంటే, మన చెవి ఎలాగూ పట్టించుకోని ధ్వనులను వదిలేసి పాటను కుదించి రాసే పద్ధతి. మామూలు నాణ్యతలో, అంటే సెకనుకు 16,000 బైట్ల చొప్పున, మూడు నిమిషాల పాటకు 28 లక్షల 80 వేల బైట్లు పడతాయి. బైటంటే ఒక ఇంగ్లీషు అక్షరం రాసుకునేందుకు కావలసిన చోటు అనుకోండి. తమాషా ఏమిటంటే, ఇన్ని లక్షల బైట్లలో పాట పేరు రాసుకునేందుకు మొదట్లో ఒక్క బైటు కూడా కేటాయించలేదు!

1996లో ఎరిక్ కెంప్ అనే ఆయన ఒక చిట్కా కనిపెట్టాడు. ఫైలు తోకన 128 బైట్లు అదనంగా అతికించాడు. మొదటి మూడు బైట్లు గుర్తు కోసం. తరవాత పాట పేరుకు 30, గాయకుడికి 30, ఆల్బమ్‌కు 30, సంవత్సరానికి 4, వ్యాఖ్యకు 30, ఏ రకం సంగీతమో చెప్పేందుకు 1. కూడి చూడండి, సరిగ్గా 128 వస్తుంది. ఇంగ్లీషు పేర్లకే ఇది ఇరుకు. మన సంగతి చెప్పనే అక్కర్లేదు. ఈనాడు వాడుకలో ఉన్న యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు కావాలి. గుణింతం ఒక గుర్తు, సున్నా ఒక గుర్తు, పొల్లు ఒక గుర్తు. ఆ లెక్కన ‘ఘంటసాల వెంకటేశ్వరరావు’ అని రాయాలంటే మధ్యనున్న ఖాళీతో కలిపి 61 బైట్లు! బొమ్మ మాటంటారా, దానికి అందులో చోటే లేదు.

అంచేత 1998లో రెండో పద్ధతి వచ్చింది. దాన్ని ఐడీ3 రెండో రూపం అంటారు. ఈసారి చీటీని తోకన కాక తలలో పెట్టారు. కొలతలు ముందే బిగించకుండా ఎన్ని గదులు కావాలంటే అన్ని కట్టుకునే వీలు కల్పించారు. పాట పేరుకో గది, సంగీత దర్శకుడికో గది, రచయితకో గది, బొమ్మలకూ గదులు. బొమ్మల గదికి 21 రకాల నంబర్లున్నాయి. 3వ నంబరు ముందు అట్ట, 4వ నంబరు వెనక అట్ట. 17వ నంబరు దేనికనుకున్నారు? ‘కాంతివంతమైన రంగుల చేప’కు! నమ్మకపోతే ఆ ప్రమాణ పత్రం తీసి చూసుకోండి. అది రాసినవారిలో ఎవరి సరదాయో గాని, ఇప్పటికీ అలాగే ఉంది.

మీరే ఒక పరీక్ష చేసి చూడవచ్చు. బొమ్మ ఉన్న ఒక ఎంపీ3 పాటకు నకలు తీయండి. నకలు తీయడం మరిచిపోవద్దు సుమా! ఆ నకలును కంప్యూటరులో నోట్‌ప్యాడ్‌తో తెరవండి. తెరనిండా పిచ్చిరాతలు కనిపిస్తాయి. కాని మొట్టమొదటి మూడు గుర్తులు చూడండి. ఇంగ్లీషులో ఐ, డి, 3 అని ఉంటుంది. కాస్త ముందుకు వెళితే పాట పేరు కనిపిస్తుంది, కొన్ని ఫైళ్ళలో అక్షరానికీ అక్షరానికీ మధ్య ఖాళీలతో. ఎ-పి-ఐ-సి అనే నాలుగక్షరాల కోసం వెతకండి. అదే బొమ్మ గది తలుపు. దాని వెంటనే ‘ఇమేజ్/జేపెగ్’ అన్న మాట, ఆ తరవాత పేజీలకొద్దీ పిచ్చిరాత. ఆ పిచ్చిరాతే మీరు చూస్తున్న బొమ్మ. చూడటమయ్యాక సేవ్ చేయకుండా మూసేయండి. సేవ్ చేస్తే ఫైలు పాడయ్యే ప్రమాదం ఉంది.

ఇక్కడో చిన్న చిక్కు కూడా ఉంది. ఎంపీ3లో సంగీతపు ముక్క ఎక్కడ మొదలవుతుందో తెలియడానికి వరసగా పదకొండు ఒకట్లు గుర్తుగా పెడతారు. జేపెగ్ బొమ్మ మొదట్లో కూడా సాధారణంగా అలాంటి పదకొండు ఒకట్ల వరస ఒకటి వస్తుంది! కొత్త పద్ధతి తెలియని ప్లేయరు ఆ గుర్తొక్కటే చూసి తొందరపడితే, బొమ్మను సంగీతమనుకుని వాయించబోయి గరగరలాడుతుంది. తెలిసిన ప్లేయరు అలా చేయదు. తలలోని చీటీ ఎంత పొడుగో మొదటి పది బైట్లలోనే రాసి ఉంటుంది కనుక, అది చదువుకుని అంతమేరా దాటేస్తుంది.

పేరు చూసి, గొంతు విని

సరే, గది ఉంది. అందులో పెట్టవలసిన బొమ్మ ఎవరిస్తారు? ఇంటర్నెట్‌లో మ్యూజిక్‌బ్రెయిన్జ్ అనే పాటల పట్టిక ఒకటుంది. 2000 సంవత్సరంలో మొదలైంది. ప్రపంచం నలుమూలల నుంచి ఔత్సాహికులు ఉచితంగా నింపుతున్న పట్టిక అది. దానికి తోడుగా ఇంటర్నెట్ ఆర్కైవ్ సంస్థతో కలిసి 2012లో అట్టబొమ్మల భాండాగారం ఒకటి తెరిచారు. వీటిని వాడుకునే ప్రోగ్రాము పేరు పికార్డ్. (స్టార్ ట్రెక్ అనే టెలివిజన్ కథలోని అంతరిక్ష నౌక కెప్టెన్ పేరది.)

పికార్డ్ రెండు దారుల్లో పాటను గుర్తుపడుతుంది. మొదటిది పేరు చూసి. గదుల్లో ఉన్న పేర్లు చదివి పట్టికలో వెతుకుతుంది. వినడానికి బాగానే ఉంది. కాని ‘దేవదాసు’ అని మాత్రమే రాసి ఉన్న పాట దొరికిందనుకోండి. 1953లో ఒక దేవదాసు, 1974లో ఒక దేవదాసు, 2006లో ఒక దేవదాసు! నాగేశ్వరరావు నటించిన సినిమాలో ఘంటసాల పాడిన పాట పక్కన అర్ధశతాబ్దం తరవాతి హీరో బొమ్మ వచ్చి కూర్చుంటుంది. ఇక మన పేర్లను ఇంగ్లీషులో రాసే తీరు సరేసరి. ఘంటసాలను ‘గంటసాల’ అనేలా రాసేవారున్నారు, చివర ఒక ‘ఏ’ ఎక్కువ పెట్టేవారున్నారు. బాలసుబ్రహ్మణ్యం అనే పేరు ఎన్ని రకాలుగా రాయవచ్చో మీరే కాగితం మీద రాసి చూడండి. మనకు అదంతా ఒకే మనిషి. కంప్యూటరుకు అక్షరం మారితే మనిషి మారినట్టే.

రెండో దారి పాటకు ‘వేలిముద్ర’ తీయడం. ఇది నిజంగా తెలివైన పద్ధతి. క్రోమాప్రింట్ అనే ప్రోగ్రాము పాటలోని మొదటి రెండు నిమిషాలు తీసుకుంటుంది. దాన్ని చిన్న చిన్న ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కలో ఏయే స్వరం ఎంత బలంగా మోగుతోందో కొలుస్తుంది. మొత్తం పన్నెండు స్వరాలు. సంగీతం నేర్చుకునేవారికి ఈ లెక్క కొత్తేం కాదు, మన స్వరస్థానాలూ పన్నెండే కదా! మంద్రస్థాయి షడ్జమాన్నీ తారస్థాయి షడ్జమాన్నీ కలిపి ఒకే గళ్ళో వేస్తుంది. ఆ బలాలు క్షణక్షణానికీ ఎలా మారుతున్నాయో అంకెల వరసగా రాసుకుంటుంది. ఆ వరసే వేలిముద్ర. పాటను పంపనక్కర్లేదు, ఈ అంకెలూ పాట నిడివీ పట్టికకు పంపితే చాలు. ఫైలు పేరు ‘ట్రాక్ 01’ అని ఉన్నా, తప్పు పేరు ఉన్నా దీనికి లెక్కలేదు.

అయితే ఇది కూడా ఓడిపోయే సందర్భాలున్నాయి. పాత కేసెట్టు నుంచి కంప్యూటరులోకి ఎక్కించిన పాటనే తీసుకోండి. టేపురికార్డరు మోటారు వందకు ఆరు వంతులు వేగంగా తిరిగిందనుకోండి. అప్పుడు పాటంతా సరిగ్గా ఒక స్వరస్థానం పైకి జరుగుతుంది. పన్నెండు గళ్ళలోని అంకెలన్నీ పక్క గళ్ళోకి పోతాయి. మన చెవికి అదే పాట, ‘శ్రుతి కాస్త పెరిగిందే’ అనుకుంటాం. వేలిముద్ర మాత్రం కలవదు.

కలిసినా పని పూర్తికాదు. ఒకే పాట ఆ సినిమా ఆల్బమ్‌లో ఉంటుంది, ‘మధురగీతాలు’ వంటి పేర్లతో వచ్చే పది సంపుటాల్లోనూ ఉంటుంది. వేలిముద్ర అన్నిటికీ ఒక్కటే, అట్టలు మాత్రం పది! పైగా 78 చుట్ల రికార్డుల కాలంలో మన సినిమా పాటలు చాలావరకు కంపెనీ పేరున్న మామూలు కాగితపు సంచిలోనే వచ్చేవి. సినిమా బొమ్మ కావాలంటే హాలు దగ్గర అమ్మే పాటల పుస్తకం కొనుక్కోవలసిందే. అలాంటి పాటకు ‘అసలు అట్ట’ ఏది? అది కంప్యూటరు తేల్చే ప్రశ్న కాదు, మీరే నిర్ణయించుకోవాలి.

ఏ ప్రోగ్రాము వాడాలి?

సీడీ నుంచి ఎక్కించిన పూర్తి ఆల్బమ్‌లు ఉంటే పికార్డ్ బాగా పనిచేస్తుంది. విండోస్, మాక్, లినక్స్ మూడింటిమీదా నడుస్తుంది. అక్కడో పాట, ఇక్కడో పాట పోగుచేసుకున్న పాత తెలుగు పాటలైతే, పట్టికను నమ్ముకోవడం కంటే చేత్తో బొమ్మ పెట్టుకునే ఎంపీ3ట్యాగ్ (విండోస్‌కు ఉచితం) లేదా కిడ్3 మేలని నా అభిప్రాయం. ఎవరో ఒకరు కూర్చుని ఎక్కించినంత మేరకే పట్టికలో పాటలుంటాయి మరి.

ఏది వాడినా ఒకటి గమనించండి. బొమ్మ కోసమని వెళితే ఇవి మిగతా గదులు కూడా తిరగరాయగలవు. రెండువేల పాటలు ఒక్కసారే ఎంచుకుని ‘సేవ్’ నొక్కారనుకోండి. మీ నాన్నగారు ఏళ్ళ తరబడి ఓపికగా రాసిపెట్టుకున్న గాయకుల పేర్లు, రచయితల పేర్లు ఒక్క నిమిషంలో మారిపోవచ్చు. పొరపాటున తగిలిన బొమ్మ చూడగానే తెలిసిపోతుంది. పొరపాటున చెరిగిన రచయిత పేరు మాత్రం ఎవరూ గమనించరు. కాబట్టి ముందు పాటలన్నిటికీ వేరే డిస్కులో నకలు తీసి పెట్టుకుని, ఒకే ఒక్క పాటతో మొదలుపెట్టండి. పాత విలువ, కొత్త విలువ పక్కపక్కన చూపించి, ఆ తరవాతే రాసే ప్రోగ్రామునే నమ్మండి. ఈ విషయంలో పికార్డ్ బుద్ధిమంతురాలే.

బొమ్మ ఎంత పెద్దదుండాలి? అడ్డంగా 500, నిలువుగా 500 చుక్కలున్న బొమ్మలో రెండున్నర లక్షల చుక్కలు. చుక్కకు మూడు బైట్ల చొప్పున ఏడున్నర లక్షల బైట్లు. జేపెగ్‌గా కుదిస్తే అందులో పదోవంతుకు దగ్గరగా వస్తుంది. అది చాలు. 3000 చుక్కల బొమ్మ పెట్టారంటే కుదించాక కూడా 30 లక్షల బైట్లు కావచ్చు, పాటకంటే బొమ్మే బరువు! ఒక ఆల్బమ్‌లో పన్నెండు పాటలుంటే అదే బొమ్మ పన్నెండుసార్లు. ఇలాంటప్పుడు పెద్దబొమ్మను ఆ ఫోల్డరులో ‘కవర్’ అనే పేరుతో విడిగా ఒక్కసారి దాచి, పాటల్లో చిన్నబొమ్మ పెట్టడం మంచిది.

ఇంట్లో పాత కేసెట్లుంటే వాటి అట్టలను స్కాన్ చేయండి, లేదా వెలుతురు బాగా ఉన్నచోట నిటారుగా ఫోటో తీయండి. కేసెట్టు అట్ట చదరంగా ఉండదు. దాన్ని సాగదీయకండి, మనుషుల ముఖాలు అడ్డంగా సాగి గుమ్మడికాయల్లా తయారవుతాయి. రెండు పక్కలా నల్లటి అంచు వేస్తే సరిపోతుంది. అట్ట మడత విప్పి లోపలివైపు కూడా చూడండి. గీత రచయిత, సంగీత దర్శకుడు, ఒక్కోసారి వాద్యకారుల పేర్లు కూడా చిన్న అక్షరాల్లో ఉంటాయి. అవి ఏ పట్టికలోనూ లేకపోవచ్చు. వాటిని ఆయా గదుల్లో తెలుగులోనే టైపు చేయండి.

అమ్మమ్మ పాడిన మంగళహారతి ఎప్పుడో టేపు చేసి ఉందనుకోండి. దాని వేలిముద్ర లోకంలో ఎక్కడా దొరకదు. ఆ ఫైలును మాత్రం ఏ ప్రోగ్రాముకూ ‘నువ్వే వెతుకు’ అని అప్పగించవద్దు, పేరు పోలికను బట్టి ఏ భక్తి సినిమా పోస్టరో తెచ్చి అంటించగలదు. 3వ నంబరు గదిలో ఆమె ఫోటో మీరే పెట్టండి. గాయని గదిలో ఆమె పేరు, సంవత్సరం గదిలో టేపు చేసిన ఏడు, వ్యాఖ్య గదిలో ఏ ఊళ్ళో, ఎవరి పెళ్ళిలో పాడిందో రాయండి. ఏడు మీకు తెలియకపోతే ఇంట్లో పెద్దవాళ్ళనడిగి రాయండి.