కోటు ఇచ్చే గడువు

అగ్నిమాపక సిబ్బంది తొడుక్కునే కోటు మంటను ఆపుతుందని మనలో చాలామంది అనుకుంటాం. ఆపదు, ఆలస్యం చేస్తుంది. ఎంతసేపన్నది తేల్చడానికి అమెరికా ప్రమాణాల్లో ఒక పరీక్ష ఉంది. కోటు పొరల ముక్కను చదరపు మీటరుకు 84 కిలోవాట్ల వేడికి ఎదురుగా పెడతారు. దాని వెనక మనిషి చర్మమే ఉంటే, అది బొబ్బలెక్కడానికి కనీసం 17.5 సెకన్లు పట్టాలి. మిట్టమధ్యాహ్నపు ఎండ చదరపు మీటరుకు దాదాపు ఒక్క కిలోవాటు. అంటే ఈ వేడి దానికి ఎనభై రెట్ల పైమాట. గది మొత్తం ఒక్కసారిగా భగ్గుమన్నప్పుడు లోపలున్న మనిషికి కోటు ఇవ్వగలిగిన గడువు కొద్ది సెకన్లే. ఈ వృత్తి సామగ్రిని, చరిత్రను, శిక్షణను ఎటునుంచి చూసినా నాకు కనిపించేది ఈ గడువు లెక్కే.

కోటులో మూడు పొరలుంటాయి. పైది అరామిడ్ నారతో నేసిన గుడ్డ. 1960లలో డ్యూపాంట్ కంపెనీ తెచ్చిన నోమెక్స్ ఈ జాతిదే. నైలాన్ వేడికి కరిగి ఒంటికి అంటుకుపోతుంది. అరామిడ్ కరగదు, బొగ్గులా మారి మందమెక్కుతుంది. నడిమి పొర నీటిని లోపలికి రానివ్వదు. అన్నిటికంటే లోపలిది మెత్త. నిజానికి కాపలా కాసేది ఆ మెత్తలో చిక్కుకున్న గాలి. కదలని గాలిలో వేడి చాలా నెమ్మదిగా ప్రయాణిస్తుంది. నీటికి వేడిని మోసే గుణం గాలికంటే సుమారు 25 రెట్లు ఎక్కువ. అందుకే చెమటకు తడిసిన కోటును పొడి కోటులా నమ్మడానికి లేదు. వీపున మోసే గాలి సిలిండర్ పట్టీలు భుజాలను నొక్కేచోట, నేలకు మోకాళ్లు ఆనేచోట ఈ గాలి నలిగి బయటికి పోతుంది. పైగుడ్డ చెక్కుచెదరకపోయినా అడుగున చర్మం కాలుతుంది. ఆయా చోట్ల అదనపు మెత్త కుట్టడం అందుకే.

బయటి వేడిని రానివ్వని పొరలు ఒంటి వేడిని పోనివ్వవు కూడా. కోటు, బూట్లు, హెల్మెట్, గాలి సిలిండర్ కలిపితే ఇరవై కిలోల బరువు. మే నెలలో రామగుండంలోనో విజయవాడలోనో ఆ బరువుతో మెట్లెక్కే మనిషి గుండె మీద ఎంత భారం పడుతుందో ఊహించండి. అమెరికాలో విధుల్లో ఉండగా చనిపోయే ఫైర్‌మన్లలో ఏళ్ల తరబడి దాదాపు సగంమందిని బలిగొన్నది మంట కాదు, గుండెపోటు.

మంచి కోటుతో ఇంకో చిక్కుంది. ఒకప్పుడు ఫైర్‌మన్లకు చెవులే థర్మామీటరు. చెవి చురుక్కుమంటే వెనక్కి తిరగాలని పాతవాళ్లు కొత్తవాళ్లకు నేర్పేవారు. తలనూ మెడనూ కప్పే అరామిడ్ ముసుగు వచ్చాక చెవులు దక్కాయి, కానీ ఆ హెచ్చరిక పోయింది. చర్మానికి 44 డిగ్రీల దగ్గరే నొప్పి మొదలవుతుంది. మందపాటి పొరలు దాటి ఆ నొప్పి తెలిసేసరికి, పొరల నిండా వేడి పేరుకుని ఉంటుంది. మనిషి బయటపడ్డాక కూడా అది లోపలికి దిగుతూనే ఉంటుంది. చర్మం చెప్పలేనిదాన్ని ఇక కళ్లే చెప్పాలి.

ఆ చూపు నేర్పడానికే 1980లలో స్వీడన్ దారి చూపింది. క్రిస్టర్ గీసెల్సన్, మాట్స్ రోసాండర్ అనే ఇంజినీర్ల కృషితో ఉక్కు కంటైనర్లలో నిజమైన మంటతో శిక్షణ రూపుదిద్దుకుంది. లోపల చెక్క పలకలు అంటిస్తారు. శిష్యులు నేలకు కరుచుకుని కూర్చుని, తలల మీదుగా పొగ ఎలా చిక్కబడుతోందో, ఎంత కిందికి దిగుతోందో, అందులో మంట నాలుకలు ఎప్పుడు పుడుతున్నాయో గమనిస్తారు. పొగ కూడా ఇంధనమే. కప్పు కింద చేరిన పొగ 500–600 డిగ్రీలకు వేడెక్కితే గదిలో ఉన్నవన్నీ దాదాపు ఒకేసారి అంటుకుంటాయి. దీన్నే ఫ్లాషోవర్ అంటారు.

అక్కడ నీళ్లు వాడే తీరు నాకు మరీ అద్భుతంగా తోస్తుంది. లీటరు నీరు ఆవిరైతే సుమారు 1,700 లీటర్లవుతుంది. సన్నటి తుంపరలు వేడి పొగలోనే ఆవిరైతే, పొగ చల్లబడి కుంచించుకుపోయేది ఆవిరి పెరిగేదానికంటే ఎక్కువ. పొగ పొర పైకి లేస్తుంది. అవే నీళ్లు ధారగా వేడి గోడలను తాకితే, పొగ చల్లబడకుండా ఆవిరి మాత్రం పెరిగి, కాగే వాయువులను మనుషుల మీదికి దించుతుంది. నాజిల్‌ను క్షణంపాటు తెరిచి మూయడం ఇందుకే సాధన చేస్తారు.

లోపలికి వెళ్లి మంట మూలాన్ని పట్టాలన్న పట్టుదల పాతదే. 1824లో ఎడిన్‌బరో నగర దళానికి అధిపతైన జేమ్స్ బ్రేడ్‌వుడ్ వడ్రంగులను, తాపీ పనివాళ్లను, ఇంటి కప్పులు నేసేవాళ్లను ఏరి చేర్చుకున్నాడు. ఇల్లు ఎలా నిలబడిందో తెలిసినవాడికే అది ఎటు కూలుతుందో తెలుస్తుంది. తెల్లవారకముందే లేపి వాళ్లతో సాధన చేయించేవాడు. తర్వాత లండన్ దళాన్ని నడిపి, 1861లో టూలీ స్ట్రీట్ అగ్నిప్రమాదంలో గోడ కూలి చనిపోయాడు.

అతని మనుషులకు లేనిది ఊపిరి. 1870లలో భౌతిక శాస్త్రవేత్త జాన్ టిండాల్ దూది, గ్లిసరిన్, బొగ్గు కలిపి ఫైర్‌మన్ల కోసం ఒక వడపోత ముసుగు తయారుచేశాడు. అది మసిని ఆపింది. కానీ వడపోత ఆక్సిజన్‌ను పుట్టించలేదు, కార్బన్ మోనాక్సైడ్ మామూలు బొగ్గుకు చిక్కదు. అందుకే ఇప్పుడు గాలిని వీపున మోసుకెళ్తారు. 6.8 లీటర్ల సిలిండర్‌లో 300 బార్ ఒత్తిడితో సుమారు 2,000 లీటర్ల గాలి పడుతుంది. నిమిషానికి 40 లీటర్ల చొప్పున చూస్తే యాభై నిమిషాలు. మనిషిని భుజాన వేసుకుని మెట్లు దిగేటప్పుడు ఊపిరి దానికి రెట్టింపు కావచ్చు. అప్పుడు గడువు సగం. ఒత్తిడి 55 బార్‌కు పడిపోతే ఈల మోగుతుంది. తెలివైన జట్టు ఆ ఈలకు చాలా ముందే తలుపు దగ్గరుంటుంది.

ఇటీవల మరో లెక్క చేరింది. 2022లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఫైర్‌మన్ వృత్తినే క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. మసి పట్టిన కోటును అనుభవానికి గుర్తుగా చూసుకునే రోజులు పోవాలి. మంట ఆరిన చోటే, ముఖానికి మాస్క్ ఉండగానే కోటును నీళ్లతో కడిగి, విప్పి, సంచిలో మూటగట్టాలి. ఫైరింజన్‌లో సిబ్బంది కూర్చునేచోట కాక విడిగా పెట్టి తీసుకెళ్లాలి. దాన్ని ఉతికి ఆరేసేలోగా మళ్లీ పిలుపొస్తే వేసుకోవడానికి రెండో కోటు ఉండాలి.