వరండాలో రంగుల పిట్ట పడి ఉందా? అది పొన్నంగి కావచ్చు

మనుబోలు, గూడూరు వైపు వానలు మొదలయ్యే అక్టోబరు, నవంబరు నెలల్లో పొద్దున్నే తలుపు తీస్తే వరండాలో ఓ చిన్న పిట్ట ముడుచుకుని కూర్చుని కనిపించవచ్చు. పిల్లలు చిలక అంటారు, పెద్దలు లకుముకి అంటారు. రెండూ కాకపోవచ్చు. పొన్నంగి పిట్టను ఉర్దూ, హిందీల్లో నౌరంగ్ అంటారు. తొమ్మిది రంగులది అని. లెక్కపెడితే తొమ్మిదీ వస్తాయో రావో గానీ, పేరు మాత్రం సరిగ్గా కుదిరింది.

సైజు మైనా కంటే చిన్నది. తోక మరీ పొట్టి, ఎవరో కత్తిరించినట్టు ఉంటుంది. వీపు ఆకుపచ్చ, గొంతు తెలుపు, రొమ్ము లేత గోధుమ రంగు. కంటి మీదుగా నల్లటి పట్టీ, దానిపైన తెల్ల గీత. భుజం దగ్గర మెరిసే నీలం మచ్చ. అన్నిటికంటే తేలికైన గుర్తు తోక కింద ఉంటుంది: పొట్ట అడుగు నుంచి ముదురు ఎరుపు. ఆడా మగా ఒకేలా ఉంటాయి.

లకుముకికైతే పొడవాటి ఎర్ర ముక్కు ఉంటుంది, తీగల మీదో చెరువు గట్టునో కూర్చుంటుంది. పాలపిట్ట కూడా కరెంటు తీగల మీదే. పొన్నంగి మాత్రం నేల మీద గెంతుతూ, రాలిన ఆకులు తిరగేసి పురుగులు, వానపాములు ఏరుకుంటుంది. పొదల చాటున ఉండేది కాబట్టి కంటికి చిక్కదు, చెవికే తెలుస్తుంది. ఫజర్ వేళ, మగ్రిబ్ వేళ రెండు స్వరాల ఈల వేస్తుంది. తమిళులు దీన్ని ‘ఆరుమణి కురువి’, అంటే ఆరుగంటల పిట్ట అంటారు.

ఇంకో సంగతి. ఈ రకం పక్షులకు ప్రపంచమంతా వాడే శాస్త్రీయ నామం ‘పిట్టా’. 1816లో ఓ ఫ్రెంచి శాస్త్రవేత్త పెట్టిన ఆ పేరు మన తెలుగు పిట్టే!

ఎండాకాలం, వానాకాలాల్లో హిమాలయాల దిగువన, మధ్య భారతంలో గూళ్లు కట్టి, చలికాలానికి దక్షిణాదికి, శ్రీలంకకు వస్తాయి. ప్రయాణం రాత్రిపూటే. అలసిపోయో, లైట్ల వెలుతురుకు దారితప్పో ఇళ్లలోకి వచ్చి పడతాయి.

అసలు ప్రమాదం ఆ తర్వాతే. అందంగా ఉందని పంజరంలో పెట్టి బియ్యం, జొన్నలు వేస్తే ముట్టదు, ఆకలితో చచ్చిపోతుంది. పైగా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పెంచుకోవడం నేరం కూడా. ముందు ఫ్యాను ఆపాలి. చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో ఉంచి, చీకటిగా, చప్పుడు లేని చోట వదిలేయాలి. నోట్లో నీళ్లు పోయొద్దు. తేరుకుంటే సాయంత్రం పొదల దగ్గర పెట్టె తెరిస్తే చాలు. రెక్క వాలిపోయి ఉన్నా, రక్తం కనిపించినా ఆలస్యం చేయకుండా పశువుల డాక్టరుకో అటవీ శాఖ సిబ్బందికో అప్పగించాలి.