ఫోర్క్‌లిఫ్ట్ కొనే ముందు గోదాం కొలవండి

భీమవరం ప్రాంతంలో రొయ్యల ప్లాంట్లు, మేత గోదాములు, రైస్ మిల్లులు ఎక్కువ. సరుకు పెరిగితే హమాలీల భుజాల మీదే పని సాగదు. అలాగని ధర ఒక్కటే చూసి ఫోర్క్‌లిఫ్ట్ కొంటే డబ్బు వృథా, ప్రాణాలకూ ముప్పు.

ముందు బండి ఎక్కడ తిరుగుతుందో చూడాలి. మైనస్ 18 డిగ్రీల కోల్డ్ స్టోరేజీలో డీజిల్ బండి పనికిరాదు. దాని పొగ కార్మికులకు, సరుకుకు రెండింటికీ చేటు. బ్యాటరీ బండే మేలు. కాకపోతే చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది కాబట్టి కోల్డ్ స్టోరేజీ కోసం చేసిన మోడలే అడగాలి. లెడ్ యాసిడ్ బ్యాటరీ చార్జింగ్‌లో హైడ్రోజన్ వాయువు వస్తుంది, అందుకే గాలి ఆడే చోటే చార్జింగ్ పెట్టాలి. మిల్లు ఆవరణలో ఎగుడుదిగుడు నేల మీదైతే పెద్ద టైర్ల డీజిల్ బండి నయం.

తర్వాత బరువు. 25 కిలోల మేత బస్తాలు 40 పేరిస్తే టన్ను. టన్నున్నర బండి చాలనుకుంటే పొరపాటే. ఎత్తుకు లేపేకొద్దీ, బరువు ముందుకు జరిగేకొద్దీ బండి మోసే శక్తి తగ్గుతుంది. బండి మీది ప్లేటులో ఏ ఎత్తుకు ఎంత బరువో చూసుకోవాలి.

మూడోది దారి. మామూలు ఫోర్క్‌లిఫ్ట్ తిరగడానికి సుమారు మూడున్నర, నాలుగు మీటర్లు కావాలి. ఇరుకు గోదాముకు రీచ్ ట్రక్ నప్పుతుంది. సరుకు నేల మీదే జరిపితే చాలనుకుంటే చేత్తో లాగే ప్యాలెట్ ట్రక్ సరిపోతుంది.

చివరిగా, శిక్షణ లేనివాళ్ల చేతికి తాళం ఇవ్వకూడదు. బండి ఒరిగితే దూకబోయి దాని కిందే నలిగిపోతారు. సీటు బెల్టు పెట్టుకుని లోపలే గట్టిగా పట్టుకుని కూర్చోవాలని డ్రైవర్‌కు మొదటిరోజే చెప్పాలి.