వీధిలో కనిపించని తెలుగు.. బొమ్మల పుస్తకంలో

పట్టాభిరామ్: విజయవాడలో పెరిగే బిడ్డకు సగం అక్షరాలు వీధే నేర్పుతుంది. బస్సు నుదుటి మీది ఊరి పేరు, కిరాణా కొట్టు బోర్డు, గోడ మీది సినిమా పోస్టరు.. అన్నీ కూడబలుక్కుంటూ బడికి చేరుతుంది. మన పట్టాభిరామ్‌లో పిల్లలకు ఆ వసతి లేదు. రైల్వే స్టేషన్ బోర్డు మీద ఉండేవి తమిళం, హిందీ, ఇంగ్లీషు. ఇంట్లో ‘అమ్మా, ఆకలేస్తోంది’ అని తెలుగులోనే అరిచే బిడ్డ తెలుగు అక్షరాన్ని చూసేది బడిలోనే, అదీ తెలుగు పీరియడులోనే. 2006 చట్టం తరువాత తమిళం మొదటి భాగంగా తప్పనిసరి అయింది, మాతృభాష ఐచ్ఛికంగా మిగిలింది. మన పిల్లలు తమిళం నేర్చుకోవడం మంచిదే, అందులో పేచీ లేదు. వాచకం మూసేశాక తెలుగు అచ్చు మళ్లీ కంటపడకపోవడమే అసలు చిక్కు. ఆ లోటును కొంతైనా తీర్చగలిగేది ఇంట్లో ఉండే నాలుగు బొమ్మల పుస్తకాలు.

బొమ్మతో భాష నేర్పడం కొత్త సంగతేమీ కాదు. మొరావియాలో పుట్టిన కొమీనియస్ అనే విద్యావేత్త 1658లో ‘ఆర్బిస్ పిక్టస్’ అనే పుస్తకాన్ని అచ్చు వేయించాడు. పైన బొమ్మ, కింద ఒక పక్క లాటిన్, మరో పక్క జర్మన్. బొమ్మలోని వస్తువుకు ఒక అంకె, వాక్యంలో ఆ మాటకూ అదే అంకె. మనకు అంత దూరం కూడా వెళ్లనక్కర్లేదు. రేడియో అన్నయ్య, అక్కయ్య న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు ‘బాల’ పత్రిక మొదలుపెట్టింది 1945లో ఈ మద్రాసులోనే. 1947 జూలైలో ‘చందమామ’ పుట్టిందీ ఇక్కడే. తమిళ పిల్లలు దాన్నే ‘అంబులిమామ’గా చదువుకున్నారు. ఒకే బొమ్మ కింద రెండు భాషల్లో కథ నడిపిన ఊరు మనది.

ఇప్పుడు అదే పని చేస్తున్నవాళ్లు ఉన్నారు. చెన్నైలోని తూలిక ప్రచురణ సంస్థ 1996 నుంచి తెలుగు, తమిళం సహా పలు భారతీయ భాషల్లో పిల్లల బొమ్మల పుస్తకాలు వేస్తోంది. బెంగళూరులోని ప్రథమ్ బుక్స్ 2015 సెప్టెంబరులో ‘స్టోరీవీవర్’ అనే ఉచిత వేదిక తెచ్చింది. అందులోని పుస్తకాలను ఫోన్‌లో చదువుకోవచ్చు, దించుకోవచ్చు. రచయిత, చిత్రకారుల పేర్లు తీసేయకుండా ఎన్ని ప్రతులైనా అచ్చు తీసుకోవచ్చు, విడిగా అనుమతి అడగనక్కర్లేదు. ఒక హెచ్చరిక మాత్రం చేయాలి. అక్కడ ఎవరైనా అనువాదం చేసి పెట్టవచ్చు కనుక కొన్నిటిలో తెలుగు కర్రలా ఉంటుంది. ఉపాధ్యాయులు ముందు తాము చదివి, నోరు తిరిగే వాటినే ఎంచుకోవాలి. పుస్తకాలకు నాలుగు స్థాయులు ఉంటాయి. అయిదో తరగతి బిడ్డకు మొదటి స్థాయి పుస్తకం ఇవ్వాల్సి వచ్చినా మొహమాటపడొద్దు.

మన ప్రాంతంలో ఇంకో ఇబ్బంది ఉంది. తెలుగు మాట్లాడే తల్లుల్లో చాలామంది చదివింది తమిళ మాధ్యమం. బిడ్డ తెలుగు పుస్తకం తెస్తే ‘నాకు చదవడం రాదు కన్నా’ అని పక్కన పెట్టేస్తారు. ఒకే కథ రెండు భాషల్లోనూ దొరికితే ఆ చిక్కు విడిపోతుంది. అమ్మ చేతిలో తమిళ ప్రతి, బిడ్డ చేతిలో తెలుగు ప్రతి, ఇద్దరి ముందూ అవే బొమ్మలు. అమ్మ తమిళంలో చూసుకుని తెలుగులో చెబుతుంది, బిడ్డ తన పేజీలో ఆ మాట వెతుక్కుంటుంది. కొన్నాళ్లకు అమ్మకూ అక్షరాలు పట్టుబడితే వద్దనేవారెవరు!

తరగతి గదిలోనూ బొమ్మ చేసే సాయం ఎక్కువే. తమిళంలో క, గ రెండిటికీ అక్షరం ఒక్కటే. ట-డ, త-ద, ప-బల సంగతీ అంతే. అందుకే మన పిల్లలు ‘బడి’ని ‘పడి’ అని రాస్తారు, ‘గది’ని ‘కది’ అంటారు. వాచకంలో అయితే ఎర్రసిరా పడుతుంది. బొమ్మల పుస్తకంలో ఎదురుగా బడి కనిపిస్తుంటే ‘పడి’ అన్న బిడ్డ తనంతట తానే ఆగుతుంది, ఎందుకంటే ఇంట్లో తాననే మాట ‘బడి’ అని చెవికి తెలుసు. ఒత్తుల సంగతీ ఇలాంటిదే. తమిళంలో పొల్లు హల్లు మీద చుక్క పెట్టి తరువాతి అక్షరాన్ని పక్కన రాస్తారు, మన దగ్గర రెండో హల్లు కిందికి దిగుతుంది. ‘కుక్క’, ‘పిల్లి’, ‘అవ్వ’ బొమ్మల పక్కన పదే పదే కనబడితే సూత్రం వల్లె వేయించే పని తగ్గుతుంది.

ఇక నీతి గురించి. కథ అయిపోగానే ‘దీనివల్ల మనం నేర్చుకున్న నీతి ఏమిటి?’ అని అడగడం మనకు అలవాటు. పిల్లలు కూడా ‘అబద్ధం ఆడరాదు’ అని చిలకల్లా అప్పజెప్పి బయటపడతారు. దాని బదులు ఒక చిన్న ప్రశ్న వేసి చూడండి. కోతి, మొసలి కథలో గుండెకాయ చెట్టు మీద మరచిపోయానని కోతి చెప్పింది అబద్ధమే కదా, మరి తప్పు చేసిందా? తరగతి రెండుగా చీలుతుంది. ‘ప్రాణం పోతుంటే..’ అని ఒకరు, ‘మొసలి పెళ్లాం మాట విన్నది కదా’ అని ఇంకొకరు. వాదించడానికి మాటలు కావాలి, ఆ మాటలు తెలుగులో రావాలి. మొసలి మొహం దిగాలుగా గీసి ఉంటే, అది ఎందుకలా ఉందో చెప్పడానికి సిగ్గరి పిల్లలు కూడా నోరు విప్పుతారు. స్నేహం, ద్రోహం, భయం గురించి ఆలోచించడం అక్కడే మొదలవుతుంది. ఇందులో మార్కులు వేయకండి.

పుస్తకంలో తెలుగు, ఇంట్లో తెలుగు వేరువేరుగా ఉంటాయన్న ఫిర్యాదు నిజమే. తిరుత్తణి ప్రాంతం 1960 ఏప్రిల్ 1 దాకా చిత్తూరు జిల్లాలోదే. ఆ వైపు ఇళ్లలో గేదెను ‘ఎనుము’ అంటారు, గిన్నెలను ‘బోకులు’ అంటారు. బొమ్మ కింద ‘గేదె’ అని చూసి ‘కాదు మిస్, ఇది ఎనుము’ అనే బిడ్డను దిద్దవద్దు. రెండు మాటలూ బోర్డు మీద రాయండి. ఆ తరువాత కాగితాలు మడిచి నడుమ కుట్టు వేసి ఇవ్వండి. ఇంట్లో అవ్వ చెప్పిన కథ ఒకటి, పేజీకి ఒక బొమ్మ, బొమ్మ కింద ఒక్క వాక్యం, అవ్వ అన్న మాటల్లోనే. అట్ట మీద రచయిత పేరు బిడ్డది, కథ చెప్పినవారి పేరు అవ్వది. బడి గ్రంథాలయం బీరువాలో దానికీ ఒక నంబరు వేసి పెట్టండి.