పిలిచిన పేరు – పలికిన ప్రోగ్రాము

కంప్యూటరు ముందు కూర్చొని ఒక చిన్న పేరు టైపు చేసి ఎంటర్ మీట నొక్కుతాము. మరుక్షణమే ఆ పేరుగల ప్రోగ్రాము తన పని మొదలుపెడుతుంది. ఇది మనకు ఎంతగా అలవాటైపోయిందంటే, ఆ క్షణకాలంలో లోపల ఏమి జరిగిందని అడగడమే మానివేశాము. అడగక తప్పని సందర్భం ఒకనాడు మా ప్రయోగశాలలో ఎదురైంది.

ద్వితీయ సంవత్సరం విద్యార్థి ఒకడు లినక్స్ యంత్రంపై సి భాషలో తన మొదటి ప్రోగ్రాము వ్రాశాడు. రెండు సంఖ్యలను కూడి మొత్తాన్ని తెరపై చూపడమే దాని పని. పరీక్షించడానికి వ్రాసినది కనుక దానికి "టెస్ట్" అని పేరు పెట్టాడు. కంపైలరు ఏ తప్పూ చూపలేదు. కాని పేరు టైపు చేసి మీట నొక్కితే తెరపై ఏమీ కనిపించలేదు. తప్పు జరిగిందన్న సూచన కూడా రాలేదు. మధ్యాహ్నమంతా అతడు తన ప్రోగ్రామును పంక్తి పంక్తిగా దిద్దుకుంటూ గడిపాడు. చివరకు తేలినదేమంటే, ప్రోగ్రాములో తప్పు లేనే లేదు. అది ఒక్కసారి కూడా నడవనే లేదు. ఆ పేరుకు పలికినది మరొకటి!

ఆ మరొకటి ఏది? అది ఎందుకు ముందుగా పలికింది? ఈ రెండు ప్రశ్నలకు సమాధానం చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పిలుపు వినేది ఎవరు?

మనం టైపు చేసిన పేరు నేరుగా యంత్రపు అంతర్భాగానికి చేరదు. మధ్యలో ఒక దుబాసీ ఉంటాడు. అతడి పేరు షెల్, అంటే పెంకు. ఆ పెంకు లోపలి గింజకు కెర్నెల్ అని పేరు. మెమరీని, డిస్కును, ప్రాసెసరు కాలాన్ని ప్రోగ్రాములకు పంచిపెట్టే అధికారం కెర్నెల్‌ది. మన మాటను విని, విడమరచి, కెర్నెల్‌కు నివేదించే బాధ్యత షెల్‌ది. షెల్ కూడా ఒక సామాన్యమైన ప్రోగ్రామే అన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోవాలి.

ఈ అర్థంలో షెల్ అన్న మాటను 1960 దశకం మధ్యలో వాడుకలోకి తెచ్చినవాడు లూయీ పూజాన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు. 1969లో అమెరికాలోని బెల్ పరిశోధనశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ ప్రభృతులు ప్రారంభించిన యూనిక్స్ వ్యవస్థ ఆ భావనకు విస్తృత ప్రచారం కల్పించింది. నేటి లినక్స్ యంత్రాలు ఆ సంప్రదాయాన్నే అనుసరిస్తున్నాయి.

మొదట ఇంటివారు

మనం వ్రాసిన పంక్తిలోని మొదటి పదాన్ని షెల్ పిలిచిన పేరుగా భావిస్తుంది. మిగిలిన పదాలు ఆ ప్రోగ్రాముకు అందజేయవలసిన వివరాలు. పేరు తెలియగానే షెల్ బయట వెదకదు. ముందుగా తన ఇంటిలోనే చూసుకుంటుంది. కొన్ని ఆజ్ఞలు షెల్‌లోనే ఇమిడి ఉంటాయి. ఒక డైరెక్టరీ నుండి మరొక డైరెక్టరీకి మారే "సిడి" అట్టిదే.

అది షెల్‌లోనే ఎందుకుండాలి? యూనిక్స్ తొలినాళ్ళ అనుభవం ఒకటి దీనికి సమాధానం చెబుతుంది. కొత్త ప్రోగ్రామును నడపడానికి ఒక ప్రాసెస్ తన నకలును సృష్టించుకొనే పద్ధతిని థాంప్సన్, రిచీ ప్రవేశపెట్టారు. వెంటనే, అంతవరకు చక్కగా పనిచేస్తున్న డైరెక్టరీ మార్పు ఆజ్ఞ పనిచేయడం మానివేసింది. కారణం కోసం వారు ఆందోళనతో వెదికారు. మారుతున్నది నకలు యొక్క డైరెక్టరీయే గాని అసలు షెల్‌ది కాదని అప్పుడు తెలిసింది. నకలు వేరొక గదిలోకి వెళ్ళి అక్కడే అంతరిస్తే, అసలు మనిషి ఉన్నచోటనే ఉంటాడు గదా! కావున ఆ ఆజ్ఞను షెల్‌లోనే చేర్చారు.

మా విద్యార్థి కథకు మూలం ఇక్కడే ఉన్నది. "టెస్ట్" అనేది కూడా షెల్‌లో ఇమిడిన ఆజ్ఞే. ఇచ్చిన షరతు నిజమా కాదా అని చూసి, ఆ ఫలితాన్ని మౌనంగా షెల్‌కు తెలియజేయడం దాని పని. తెరపై ఏమీ వ్రాయదు. ఇంటిలోనే ఆ పేరుగలవాడు పలికినప్పుడు, బయటి "టెస్ట్"ను పిలిచేది ఎవరు?

పిదప వీధులు

ఇంటిలో ఆ పేరు లేనప్పుడే షెల్ బయటకు వెళుతుంది. ఎక్కడెక్కడ వెదకాలో చెప్పే జాబితా ఒకటి దాని వద్ద ఉంటుంది. దానికి "పాత్", అనగా మార్గము, అని పేరు. అందులో కొన్ని డైరెక్టరీల పేర్లు వరుసగా ఉంటాయి.

ఇంటి నంబరు లేకుండా "సలీం గారికి" అని మాత్రమే వ్రాసిన ఉత్తరం ఒకటి తపాలా జవాను చేతికి వచ్చిందనుకుందాము. అతడి వద్ద నాలుగు వీధుల పట్టిక ఉన్నది. మొదటి వీధిలో సలీం దొరికితే ఉత్తరం అక్కడే ఇచ్చి తిరిగి వెళతాడు. మూడవ వీధిలో మరొక సలీం ఉన్నాడేమోనని విచారించడు. షెల్ వెదికే విధానమూ ఇదే. ఒకే పేరుగల ప్రోగ్రాములు రెండు ఉంటే, జాబితాలో ముందున్న డైరెక్టరీలోనిదే నడుస్తుంది. నాలుగు వీధులలోనూ దొరకకపోతే, ఆజ్ఞ దొరకలేదని షెల్ తెలిపి, 127 అనే సంకేత సంఖ్యను మిగుల్చుతుంది.

పేరుతో పాటు చిరునామా ఇస్తే ఈ వెదుకులాటే ఉండదు. పేరులో "/" అనే వాలుగీత ఉంటే షెల్ జాబితాను చూడక, నేరుగా ఆ చోటికే వెళుతుంది. మనమున్న డైరెక్టరీకి ఒక చుక్క గుర్తు. కనుక "./టెస్ట్" అంటే "ఇక్కడనే ఉన్న టెస్ట్" అని అర్థం. ఆ రెండు గుర్తులను చేర్చగానే మా విద్యార్థి ప్రోగ్రాము నడిచింది. మొత్తం సరిగానే వచ్చింది.

దొరికిన పిదప

ఫైలు దొరికినంత మాత్రాన పని పూర్తి కాదు. షెల్ తన నకలును సృష్టించి, ఆ నకలు స్థానంలో కొత్త ప్రోగ్రామును నింపవలసిందిగా కెర్నెల్‌ను కోరుతుంది. ఆ ఫైలును నడపడానికి ఈ వ్యక్తికి అనుమతి ఉన్నదా అని కెర్నెల్ ముందుగా పరిశీలిస్తుంది. తరువాత ఫైలులోని మొదటి కొన్ని అక్షరాలను చదువుతుంది. ఫైలు ఏ జాతికి చెందినదో తెలిపే ముద్ర అక్కడ ఉంటుంది. లినక్స్‌లో యంత్రభాషా ప్రోగ్రాములకు ఒక ముద్ర ఉన్నది. "#!" అనే రెండు గుర్తులతో ప్రారంభమైతే, అది మనుషులు చదవగల ఆజ్ఞల పట్టిక అనీ, దానిని చదివి నడిపించే ప్రోగ్రాము పేరు ఆ పంక్తిలోనే ఉన్నదనీ అర్థం. ఈ ఏర్పాటును 1980లో రిచీ ప్రవేశపెట్టారు.

వరుస తప్పితే వచ్చే ముప్పు

ఇంతవరకు చెప్పినది సౌకర్యాన్ని గురించి. ఇక ప్రమాదాన్ని గురించి చెప్పాలి. 1979లో వెలువడిన యూనిక్స్ సప్తమ ముద్రణలో, స్టీఫెన్ బోర్న్ వ్రాసిన షెల్, వేరే జాబితా ఇవ్వనప్పుడు మనమున్న డైరెక్టరీనే మొదట వెదికేది. ఒకరినొకరు ఎరిగిన కొద్దిమంది పనిచేసే చోట అది సుఖంగానే ఉండేది. పలువురు పంచుకొనే యంత్రంలో అదే ఉచ్చు అయింది.

ఎట్లాగంటారా? ఫైళ్ళ పట్టికను చూపే ఆజ్ఞకు "ఎల్ఎస్" అని పేరు. దురుద్దేశం గలవాడొకడు అదే పేరుతో ఒక మోసపు ప్రోగ్రాము వ్రాసి, అందరికీ అందుబాటులో ఉన్న డైరెక్టరీలో ఉంచాడనుకొనండి. సర్వాధికారాలూ గల నిర్వాహకుడు అక్కడికి వెళ్ళి "ఎల్ఎస్" అంటే, పలికేది ఆ మోసగాడే. నిర్వాహకుని అధికారంతోనే అది తన దుష్కార్యం ముగించి, పిదప అసలు ఎల్ఎస్‌ను నడిపి పట్టిక చూపుతుంది. అనుమానానికి తావే ఉండదు. అందువల్లనే నేటి లినక్స్ వ్యవస్థలలో సాధారణంగా ఆ చుక్కకు జాబితాలో స్థానం ఉండదు. చుక్కను చివరన ఉంచినా పూర్తి రక్షణ లేదు. తొందరలో అక్షరాలు తారుమారై వచ్చే పేరుతో కూడ ఉచ్చు పన్నవచ్చు.

మైక్రోసాఫ్ట్ వారిది వేరొక మార్గం. 1983లో వచ్చిన డాస్ రెండవ రూపం ఉపడైరెక్టరీలను ప్రవేశపెట్టింది. డాస్ ఉన్నచోటనే మొదట వెదికి, పిదప పాత్ జాబితాను చూసేది. విండోస్‌లోని పాత ఆజ్ఞా గవాక్షం నేటికీ ఆ అలవాటునే పాటిస్తున్నది. దాని తరువాత వచ్చిన పవర్‌షెల్ మాత్రం ఉన్నచోటి ప్రోగ్రామును "ఇక్కడిది" అని స్పష్టంగా చెప్పనిదే నడపదు.

విద్యార్థి మిత్రులకు ఒక సలహా. మీ ప్రోగ్రాము ఊహించని విధంగా ప్రవర్తిస్తే, దానిని దిద్దడానికి ముందు, నడిచినది అదేనా అని విచారించండి. షెల్‌లో "టైప్" అన్న ఆజ్ఞకు ఆ పేరు ఇస్తే, పలికేది ఇంటివాడో, ఏ వీధివాడో అది చెబుతుంది. ఇక కళాశాల సంఘం పెద్దలకు ఒక మనవి. అందరూ వాడే ప్రయోగశాల యంత్రాలలో నిర్వాహకుని అధికారం నిత్యపు పనులకు వాడకుండా నియమం ఉంచడం శ్రేయస్కరం. దానికి ఖర్చు లేదు. జాగ్రత్త ఒక్కటే కావాలి.

పేరు తెలిసినంత మాత్రాన మనిషిని ఎరిగినట్లు కాదని పెద్దలు హెచ్చరిస్తూ ఉంటారు. ప్రోగ్రాముల విషయంలోనూ అంతే. ఏ పేరుతో పిలిచామన్నది ఎంత ముఖ్యమో, ఎక్కడి నుండి పలికిందన్నదీ అంతే ముఖ్యము.