గోదావరీ తీరమున రెండు దినములు

నేను పేట్ బషీరాబాదువాడను. మాది మెట్టనేల. మేడ్చలు, శామీర్‌పేట ప్రాంతముల పెద్దలకు నీరన్న చెరువే. చెరువు నిండిన యేడు పండుగ. నిండని యేడు దిగులు. అట్టి మాకు నేడు గోదావరి పొరుగయినది. ఎల్లంపల్లివద్ద ఎత్తిపోసిన గోదావరీజలము గొట్టములగుండ శామీర్‌పేట చేరువనున్న ఘన్‌పూరు చేరి, అచ్చటినుండి హైదరాబాదు నగరమునకు పోవుచున్నది. ఈ యేర్పాటు 2015లో ఆరంభమైనది. నల్లా త్రిప్పి త్రాగు నీటి నదిని, అది సముద్రమున గలియు దేశమున గూడ ఒకసారి చూచుట మనకు తగును.

నేను మొదట రాజమహేంద్రవరము పోయినపుడు ఉదయమున దిగి, మునిగి, సాయంత్రపు బండికే మరలితిని. ‘ఏమి చూచితివిరా?’ అని మా పెద్దన్న అడిగెను. ‘నీళ్లు’ అంటిని. ‘అవి మన బావిలో లేవా?’ అని ఆయన నవ్వెను. ఆ మాట గ్రుచ్చుకొని, రెండవమారు రెండు దినములుంటిని. అందు తెలిసికొన్నది మీకు విన్నవింతును.

రైలు కొవ్వూరు దాటినంతనే వంతెన యెక్కును. అప్పుడు నిద్రపోవలదు. 1900లో తెరచిన పాత వంతెన 1997లో పని చాలించినది. 1974 నాటి వంతెనపై క్రింద రైలును, మీద రోడ్డును గలవు. 1997 నాటి మూడవ వంతెన విల్లువలె వంగిన కమానులతో నుండును.

స్నానమునకు తెల్లవారగనే పొండు. మెట్టలవారమగు మనకు ఈత తక్కువ. కావున చివరిమెట్టు దాటరాదు. గొలుసు పట్టుకొని మునిగిన చాలును. శ్రావణ భాద్రపదములలో నది యెఱ్ఱనై పొంగును. కార్తికము కడచిన తరువాత పోవుట పెద్దలకు మేలు. పుష్కరముల మొదటి దినమే మునుగవలెనను పట్టుదల విడువుడు. 2015 జూలై 14న పుష్కరరేవున జరిగిన త్రొక్కిసలాటలో పాతికమందికి పైగా మరణించిరి. పండ్రెండు దినములును పుష్కరమే గదా! పాపికొండలకు పడవపై పోవువారును లైఫు జాకెట్టు లేనిదే ఎక్కరాదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరువద్ద పడవ మునిగి పలువురు ప్రాణములు గోల్పోయిరి.

స్నానానంతరము కందుకూరి వీరేశలింగముగారి యింటిని చూడుడు. 1881 డిసెంబరు 11న తొలి వితంతు వివాహమును ఆయన జరిపించినది ఈ నగరముననే. చదువరులకు గౌతమీ గ్రంథాలయమున తాళపత్రములును గలవు.

మధ్యాహ్నము ధవళేశ్వరము పొండు. కాటను దొర 1847లో ఆరంభించిన ఆనకట్ట 1852లో పూర్తియైనది. అది పాతబడగా 1970-82 నడుమ బారేజి నిర్మించిరి. మన చెరువును తలచుకొన్నచో దాని మర్మము సులభముగ దెలియును. చెరువునకు అలుగును, తూములును ఉండును గదా! ఆనకట్ట నదికి అడ్డముగ వేసిన అలుగు; కాలువల తలుపులే తూములు. చెరువు నీటిని నిలువచేయును. ఆనకట్టకు నిలువ ముఖ్యము కాదు; నీటిమట్టము కాలువ కందునంతవఱకు లేపుటయే దాని పని. మిగిలినది దాటిపోవును. ఆ కొద్దిపాటి యెత్తుచేతనే 10 లక్షల యెకరములకు పైగా భూమి తడియుచున్నది. కాటను పేరిట అచ్చట ప్రదర్శనశాల గలదు; అందలి నమూనాలు చూచిన పిదప కట్టమీద నిలిచినచో అంతయు బోధపడును.

రెండవదినము వేకువనే అంతర్వేదికి బయలుదేరుడు, పగలంతయు పట్టును. ధవళేశ్వరమున గౌతమి, వసిష్ఠ అని చీలిన నదిలో వసిష్ఠ యచ్చట సముద్రమున గలియును. నరసింహస్వామి దర్శనమైన పిదప ఆ సంగమము చూడుడు. అలసట కోర్వనివారు కడియము పూలతోటలు చూచిన చాలును. ఇంటికి ఆత్రేయపురము పూతరేకులు తెండు. అవి నలుగకుండ పెట్టె చేతనే పట్టుకొనుడు.

తిరిగివచ్చినపుడు అన్నతో ఆనకట్ట కథ చెప్పితిని. ఆయన కొంతసేపు పలుకలేదు. పిదప నిండిపోవుచున్న బిందెను చూపి, ‘ఆ నల్లా కట్టివేయుము, ఆ నీరు చాలదూరము నడచి వచ్చినది’ అనెను. నేను లేచి కట్టివేసితిని.